అయోర్యీతికోనా, క్సినోమవ్రోనా? పేరు చదివి గ్రీకు రెడ్ వైన్ ఎంచుకోవడం

మామిడిపండ్లకు మనం పేర్లు రెండు రకాలుగా పెట్టుకున్నాం. బంగినపల్లి అంటే ఊరి పేరు. ఆ మాట విని పండు తియ్యనో పుల్లనో చెప్పలేం, తిన్నవాడికే తెలియాలి. చెరకు రసం అలా కాదు, పేరులోనే రుచి ఉంది. గ్రీసులో రెడ్ వైన్ చేసే ద్రాక్షల్లో బాగా పేరున్న రెండింటికీ సరిగ్గా ఇదే తేడా. అయోర్యీతికో అనేది ఊరిని పట్టి వచ్చిన పేరు. క్సినోమవ్రో అంటే ‘పుల్లది, నల్లది’. ఒకటి తాను ఎక్కడిదో చెబుతుంది. రెండోది ఎలా ఉంటుందో ముందే హెచ్చరిస్తుంది.

ఇది ముఖ్యంగా బయట దేశాల్లో ఉంటూ, షాపులో గ్రీకు వైన్ల అర ముందు నిలబడి ఆ పేర్లు చూసి పక్కకు తప్పుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. గ్రీసుకు సెలవులకు వెళ్లి, హోటల్లో మెనూ చేతికి రాగానే టెన్షన్ పడేవాళ్లకీ పనికొస్తుంది. మన ఊళ్లలో ‘వైన్స్’ అని బోర్డు పెట్టిన కొట్టులో వైన్ తప్ప మిగతావన్నీ దొరుకుతాయి కాబట్టి అక్కడ ఈ సీసాల కోసం వెతకమని చెప్పను.

ముందే నా మాట చెప్పేస్తాను. ఎర్ర వైన్ కొత్తగా తాగేవాళ్లకి అయోర్యీతికో. టీ డికాక్షన్, నేరేడుపండు, ఉసిరికాయ ఇష్టంగా నోట్లో వేసుకునేవాళ్లకి క్సినోమవ్రో. ఇంతటితో సరిపోయేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. కాకపోతే సీసా మీద చాలాసార్లు ఈ రెండు పేర్లలో ఏదీ కనపడదు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

పేర్లు పలకడం దగ్గర నుంచి

మొదటిదాన్ని రోమన్ లిపిలో రాసినప్పుడు మధ్యలో రెండు చోట్ల ‘జి’ అక్షరం కనపడుతుంది. అది చూసి చాలామంది ‘అజియోర్జిటికో’ అంటారు. నేనూ చాలాకాలం అలాగే అన్నాను. గ్రీకువాళ్ల నోట్లో ‘ఇ’, ‘ఎ’ల ముందు ఆ అక్షరం ‘య’ అయిపోతుంది. కాబట్టి అ-యోర్-యీ-తి-కో. ‘యీ’ మీద ఒత్తు. ఆయోస్ యోర్యోస్ అంటే సెయింట్ జార్జ్. ఆ పేరుగల చోటికి చెందిన ద్రాక్ష అని అర్థం. పెలొపొనీస్ ప్రాంతంలో ఇప్పుడు నెమెయా అని పిలిచే ఊరికి పాత పేరు ఆయోస్ యోర్యోస్. ఊరి పేరు మారింది, ద్రాక్షకు మాత్రం పాత పేరే మిగిలింది. ఎగుమతి సీసాల మీద కొందరు దీన్నే ‘సెయింట్ జార్జ్’ అని ఇంగ్లీషులో రాస్తారు. ‘మావ్రో నెమెయాస్’, అంటే నెమెయా నల్లది, అన్న పేరూ ఉంది. మూడూ ఒకటే.

రెండోది క్సి-నో-మవ్-రో, ‘నో’ మీద ఒత్తు. ఇంగ్లీషువాళ్లు మొదటి అక్షరం పలకలేక ‘జీనోమావ్రో’ అనేస్తారు. మనకా ఇబ్బంది లేదు. క్ష పలికే నాలుకకు క్స ఒక లెక్కా? ఇందులో ‘క్సినో’ అంటే పులుపు. గ్రీకువాళ్లు పులిసిన పాలను ‘క్సినోగాలా’ అంటారు, అదీ ఈ మాటే. ఈ ద్రాక్ష పండే అమిందెయో ప్రాంతంలో ‘క్సినో నెరో’ అనే ఊరుంది, అంటే పుల్ల నీళ్లు. అక్కడ నేలలోంచి సహజంగా గ్యాస్ నిండిన మినరల్ నీళ్లు వస్తాయి. ఆ నీళ్లు సీసాల్లో పట్టి అమ్ముతారు.

‘మావ్రో’ అంటే నలుపు. ఈ మాట దగ్గర కాస్త జాగ్రత్త. గ్రీకు వాడుకలో ఎర్ర వైన్‌ని నల్ల వైన్ అనడం పాత అలవాటు. అందుకే ఎర్ర ద్రాక్షల పేర్లలో సగం ‘మావ్రో’తో నిండిపోయాయి: మావ్రోదాఫ్నీ, మావ్రోత్రగానో, మావ్రూది. పేరులో మావ్రో ఉన్నంత మాత్రాన ఇవన్నీ అన్నదమ్ములు కావు. సైప్రస్‌లో అయితే ఒట్టి ‘మావ్రో’ అనే ద్రాక్షే వేరుగా ఉంది. మన దగ్గర ‘నల్ల’తో మొదలయ్యే ఊర్లన్నీ ఒకే జిల్లాలో ఉండవు కదా, అలాగే.

గ్లాసులో చూస్తే పేర్లు తారుమారు

తమాషా ఏమిటంటే, పేరులో నలుపున్న క్సినోమవ్రో గ్లాసులో పోస్తే అంత నల్లగా ఉండదు. పలచని దానిమ్మరసంలా ఉంటుంది. నాలుగైదేళ్లు గడిస్తే అంచుల్లో ఇటుక రంగు తిరుగుతుంది. అయోర్యీతికో పేరులో రంగు ఊసే లేదు, కానీ గ్లాసులో చిక్కగా, ఊదా కలిసిన ఎరుపులో మెరుస్తుంది.

ఈ సంగతి తెలియక నేను మొదటి క్సినోమవ్రో సీసాని పాడైపోయిన సరుకు అనుకున్నాను. రంగు వెలిసిపోయింది, ముక్కు దగ్గర పెడితే ద్రాక్ష వాసన కాదు, ఎండబెట్టిన టమాటా వాసన. ఒక గుక్క తాగితే పచ్చి అరటికాయ కొరికినట్టు చిగుళ్లు పట్టేశాయి. బిరడా బిగించి ఫ్రిజ్‌లో పడేశాను, కూరలోకైనా పనికొస్తుందని. మర్నాడు సాయంత్రం వంటకి తీసి కొంచెం రుచి చూస్తే ఎండు గులాబీ రేకుల వాసన, ఆలివ్ ఊరగాయ వాసన, లోపల స్ట్రాబెర్రీ. ఆ రోజు కూరలోకి వైన్ పడలేదు.

వైన్ గురించి చదివితే ‘టానిన్’ అన్న మాట పేజీకి పదిసార్లు తగులుతుంది. మనకు దానికి చక్కటి మాట ఉంది, వగరు. షడ్రుచుల్లో ఒకటిగా పెట్టుకుని చిన్నప్పటి నుంచీ ఉగాది పచ్చడిలో వెతుక్కుంటున్నాం కాబట్టి ఈ విషయంలో మనకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. వగరు ద్రాక్ష తొక్కల్లోంచి, గింజల్లోంచి వస్తుంది. క్సినోమవ్రోలో వగరూ ఎక్కువే, పులుపూ ఎక్కువే. రెండూ కలిసి నోటి మీదకి దాడికొస్తాయి. అందుకే దీన్ని తరచుగా ఇటలీలో ‘బరోలో’ అనే వైన్ చేసే ‘నెబ్బియోలో’ ద్రాక్షతో పోలుస్తారు. రంగు పలచన, వగరు గట్టి, పులుపు చురుకు, వయసు పెరిగేకొద్దీ అందం. పోలిక బాగానే అతుకుతుంది కానీ టమాటా, ఆలివ్ వాసనలు మాత్రం క్సినోమవ్రో సొంతం.

అయోర్యీతికోలో వగరు ఉంటుంది కానీ అది పట్టుబట్టలా ఉంటుంది. పులుపు మధ్యస్థం. చెర్రీ, పండిన ప్లమ్, కొంచెం దాల్చినచెక్క, జాజికాయ లాంటి తియ్యటి మసాలా వాసన. ఓక్ పీపాలో కొన్నాళ్లుంచితే వనిల్లా, కాఫీ వాసనలు చేరతాయి. ఎవరినీ భయపెట్టదు. దాని బలమూ అదే, బలహీనతా అదే. సరిగ్గా పండించనప్పుడు, చెట్టుకి కాయలు మరీ ఎక్కువగా వదిలేసినప్పుడు, మెత్తగా, జామ్‌లా, ఏ ముద్రా లేకుండా తయారవుతుంది. ఈ తీగలకు వైరస్ బెడద కూడా పాతదే. వైరస్ పట్టిన తోటలో పండు సరిగ్గా పక్వానికి రాదు. పేరున్న ఉత్పత్తిదారులు శుభ్రమైన మొక్కలతో తోటలు మళ్లీ నాటుకోవడం వెనక కారణాల్లో ఇదొకటి.

లేబుల్ మీద ఊరు వెతకండి

గ్రీసులో మేలురకం వైన్ సీసాకి ద్రాక్ష పేరు కంటే ఊరి పేరు ముఖ్యం. చట్టప్రకారం హద్దులు గీసి, ఆ హద్దుల్లో ఏ ద్రాక్ష వాడాలో కూడా రాసిపెట్టారు. సీసా మీద గ్రీకులో మూడక్షరాలు, ‘పి-ఓ-పి’, కనపడితే అది ఇలాంటి రక్షిత ప్రాంతపు వైన్ అని అర్థం. మన తిరుపతి లడ్డూకి ఉన్న భౌగోళిక గుర్తింపు లాంటిదే, కాకపోతే నియమాలు ఇంకా బిగుతు.

నెమెయా అని ఉంటే అది నూటికి నూరు పాళ్లూ అయోర్యీతికో. 1971లో ఈ గుర్తింపు వచ్చింది. గ్రీకు పురాణాల వీరుడు హెరాక్లీస్ సింహాన్ని చంపిన నెమెయా ఇదే. అందుకే ఇక్కడి వైన్‌కి ‘హెరాక్లీస్ నెత్తురు’ అన్న ముద్దుపేరు. ఏథెన్స్ నుంచి కారులో ఒక పూటలో వెళ్లిరావచ్చు. వెళ్తే గ్రీకు దేవుడు జ్యూస్ ఆలయం స్తంభాలు, పాత స్టేడియం చూసి రండి. ఆ స్టేడియంలో 1996 నుంచి నాలుగేళ్లకోసారి మామూలు జనం చెప్పుల్లేకుండా పరుగుపందెం పెట్టుకుంటున్నారు.

నెమెయాలో అన్ని సీసాలూ ఒకలా ఉండవు, ఎందుకంటే నేల మెట్లు మెట్లుగా ఉంటుంది. కింద లోయలో వేడి, సారవంతమైన మట్టి. అక్కడి వైన్ తేలిగ్గా, పండ్ల రుచితో, కొన్నిసార్లు మరీ మెత్తగా ఉంటుంది. మధ్య ఎత్తులో కూత్సీ లాంటి ఊళ్లున్నాయి. మంచి నెమెయా కావాలంటే నేను లేబుల్ వెనక ఈ పేరు కోసం చూస్తాను. ఇంకా పైకి, 800 మీటర్లు దాటిన చోట అస్ప్రోకాంబోస్ వైపు, చలి ఎక్కువ. అక్కడి పండు పులుపు నిలబెట్టుకుంటుంది. ఒకప్పుడు ‘రోజే’ అనే గులాబీ రంగు వైన్‌కే బాగుంటుందనేవాళ్లు, ఇప్పుడు ఎర్రవీ చురుగ్గా వస్తున్నాయి. కూత్సీలో గాయా, ఇంకా స్కూరాస్, పాపాయోఆన్ను, ‘ద్రియోపీ’ అనే వైన్‌తో చెలెపోస్, ఈ ఉత్పత్తిదారుల పేర్లు బయట దేశాల షాపుల్లోనూ తగులుతుంటాయి.

స్కూరాస్ వాళ్ల ‘మేగాస్ ఈనోస్’ బాగా తెలిసిన సీసా. అందులో అయోర్యీతికోతో పాటు కాబెర్నే సావిన్యో అనే మరో ద్రాక్ష కూడా కలుస్తుంది కాబట్టి దాని మీద నెమెయా అని ఉండదు, పెలొపొనీస్ అని ఉంటుంది. అది తక్కువ సరుకని కాదు. అయోర్యీతికో ఒంటరిగా ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే మాత్రం మొదట అది కాకుండా వేరేది తీసుకోండి.

క్సినోమవ్రో వెతికేవాళ్లు ఉత్తరానికి, మాసిడోనియా ప్రాంతానికి రావాలి. గుర్తుపెట్టుకోవాల్సిన పేర్లు నాలుగు.

మొదటిది నావుసా. వెర్మియో కొండల తూర్పు వాలు, కింద మైదానమంతా పీచ్ తోటలు. ఇదీ 1971లోనే గుర్తింపు పొందింది, ఇదీ నూటికి నూరు పాళ్లు క్సినోమవ్రోనే. పీపాలో కనీసం ఒక ఏడాది ఉంచాలన్నది నియమం. గట్టి వగరున్న అసలు సిసలు క్సినోమవ్రో ఇక్కడిదే. 20వ శతాబ్దం మొదట్లో ఫిలోక్సెరా అనే పురుగు తోటల్ని తినేసింది. యుద్ధాలు మిగతా పని చేశాయి. తర్వాత మళ్లీ తోటలు పెట్టించడంలో 1879 నుంచి అక్కడ వ్యాపారంలో ఉన్న బూతారీ కుటుంబం ముందుంది. ఆ ఇంటి వారసుడు యానిస్ బూతారిస్ తర్వాత వేరుపడి ‘కీర్-యానీ’ వైనరీ పెట్టారు. ఆయనే 2011 నుంచి 2019 దాకా థెస్సలొనీకీ మేయర్. కీర్-యానీ వాళ్ల ‘రామ్నిస్తా’ నావుసా ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి నేను ముందు చెప్పే పేరు. కొంచెం మెత్తగా, పండ్ల రుచి ముందుకు వచ్చేలా కావాలంటే థిమియోపూలోస్ సీసాలు చూడండి. పాతకాలపు మొరటుతనం తగ్గించి క్సినోమవ్రోని కొత్తవాళ్లకి పరిచయం చేసిన ఇంటిపేర్లలో అదొకటి.

నావుసా పేరు దగ్గర ఒక పొరపాటు జరుగుతుంది. పారోస్ దీవిలో కూడా నావుసా అనే ఊరుంది, టూరిస్టులు బాగా వెళ్లేది అదే. పారోస్‌లో చేసే ఎర్ర వైన్‌లో మందిలారియా అనే వేరే ద్రాక్ష ఉంటుంది. దీవిలో సాయంత్రం సముద్రం ఒడ్డున తాగినదాన్ని ‘నావుసా వైన్’ అని గుర్తుపెట్టుకుని, ఇంటికొచ్చాక మాసిడోనియా నావుసా కొనుక్కుంటే రెండూ పొంతన కుదరవు.

రెండోది అమిందెయో. అదే వెర్మియోకి అవతలి పక్క, 600 మీటర్ల చుట్టుపక్కల ఎత్తులో, సరస్సుల మధ్య పీఠభూమి. గ్రీసు అంటే నీలం సముద్రం, ఎండ అనుకునేవాళ్లకి ఇక్కడి చలి ఆశ్చర్యం కలిగిస్తుంది. నేల ఇసుక. ఇసుకలో ఫిలోక్సెరా బతకలేదు కాబట్టి అంటుకట్టని, సొంత వేళ్ల మీద నిలబడ్డ పాత తీగలు ఇక్కడ ఇంకా ఉన్నాయి. ఆల్ఫా ఎస్టేట్ వాళ్లు అలాంటి పాత తీగల నుంచే ఒక వైన్ చేస్తారు. నావుసా కంటే పలచగా, సువాసన ఎక్కువగా ఉంటుంది. క్సినోమవ్రోతో రోజే వైన్‌కీ, బుడగల రోజే వైన్‌కీ గుర్తింపు ఉన్నది కూడా అమిందెయోకే. మంచి పులుపున్న ద్రాక్షకి బుడగల వైన్ చేసే యోగ్యత ఎప్పుడూ ఉంటుంది. ఇక్కడి సంగతిని జనం తక్కువగా పట్టించుకుంటారు.

మూడోది గుమెనిస్సా. అక్కడ క్సినోమవ్రోకి నెగోస్కా అనే మెత్తని ద్రాక్ష కలుపుతారు. నాలుగోది రప్సానీ. ఇది మాసిడోనియాలో కాదు, పక్కనున్న థెస్సలీ ప్రాంతంలో ఒలింపస్ కొండ వాలులో ఉంది. అక్కడ క్సినోమవ్రో, క్రాసాతో, స్తావ్రోతో మూడూ కలిసి తోటల్లో పెరుగుతాయి, కలిసే వైన్ అవుతాయి. క్సినోమవ్రో అంటే మనసు పడుతూ, వగరుకి జంకేవాళ్లకి రప్సానీ మధ్యేమార్గం.

సరే, ఎవరు ఏది కొనాలి

ఇంటికి నలుగురు స్నేహితులు వస్తున్నారు, అందులో ఇద్దరు ఎర్ర వైన్ ‘చేదు’ అంటారు అనుకుంటే, ఆలోచించకుండా చిన్న వయసు నెమెయా. పీపా వాసన లేనిది. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. ఎర్ర వైన్‌ని గది ఉష్ణోగ్రతలో తాగాలన్నమాట యూరప్ చలి ఇళ్ల కోసం పుట్టింది. మన గదుల్లో ఆ మాట పాటిస్తే వేడి సారా తాగినట్టే. నెమెయాకి 15, 16 డిగ్రీలు చాలు.

ఒక్కరే, తీరిగ్గా, భోజనంతో పాటు రెండు గంటలు కూర్చుని గ్లాసులో వచ్చే మార్పు గమనించే ఓపికుంటే నావుసా. గంట ముందే వెడల్పాటి జగ్గులోకి వంపి పెట్టండి. ఖరీదైన డికాంటర్ అక్కర్లేదు, స్టీలు కాకుండా గాజుది ఏదైనా సరే. సీసాలో సగం మర్నాటికి మిగిల్చే అలవాటున్నవాళ్లకి కూడా నేను నావుసానే చెబుతాను, కారణం పైన చెప్పాను. అయోర్యీతికో మర్నాటికి ఉత్సాహం తగ్గిపోతుంది.

డబ్బు దగ్గర నా అనుభవం ఇది. తక్కువ ధరలో రెండూ పక్కపక్కన ఉంటే, నెమెయా తడబడే అవకాశం ఎక్కువ. చవక నెమెయా చాలాసార్లు ‘ఏదో ఎర్ర వైన్’లా ఉంటుంది. చవక నావుసా మొరటుగా ఉన్నా నావుసాలానే ఉంటుంది. కాబట్టి నెమెయా కొంటున్నప్పుడు అన్నిటికన్నా కింది అర వదిలేసి ఒక మెట్టు పైది తీసుకోండి. ఆ కొంచెం తేడాకి నాణ్యతలో పెద్ద తేడా వస్తుంది. నావుసాలో మొదటి సీసాకే అంతా ఖర్చుపెట్టక్కర్లేదు.

దాచుకోవాలనుకుంటే లెక్క మారుతుంది. మంచి నావుసా పదేళ్లు దాటినా ఇంకా పెరుగుతూనే ఉంటుంది. ఎండు టమాటా వాసన పుట్టగొడుగులు, తోలు, ఎండిన ఆకుల వైపు జరుగుతుంది, వగరు కరిగిపోతుంది. నెమెయాలో బాగా చేసినవి కూడా నిలుస్తాయి కానీ వాటి అందమంతా మొదటి అయిదారేళ్లలోనే అన్నది నా అభిప్రాయం. కాదనేవాళ్లున్నారు, వాళ్లతో వాదించను. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. ఎయిర్‌పోర్టులో కొన్న సీసాని హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అమ్మానాన్నల ఇంట్లో షోకేసులో పెట్టి ‘పదేళ్ల తర్వాత తెరుద్దాం’ అనకండి. ఒక్క మే నెల చాలు, ఏ ద్రాక్ష అయినా ఉడికిపోవడానికి. ఆ సీసాని వచ్చిన వారంలోనే తాగేయండి.

మన తిండితో

గ్రీసులో నెమెయా పక్కన గొర్రెమాంసం, వంకాయ, ఖీమాతో చేసే మూసాకా, పాస్తా, ఖీమాతో చేసే పాస్తీత్సియో ఉంటాయి. నావుసా పక్కన టమాటాలో ఉడికిన మాంసం, అడవిలో వేటాడిన జంతువుల మాంసం, గట్టి చీజ్. మనింటి భోజనానికి వచ్చేసరికి అడ్డం పడేది కారం. వగరు, ఆల్కహాల్ రెండూ కారాన్ని ఎగదోస్తాయి. గుంటూరు కారం వేసిన కోడి వేపుడు ముందు వయసు తక్కువ నావుసా పెడితే నోరు మండుతుంది, వైన్ చేదెక్కుతుంది, రెండూ పాడు. అక్కడ చల్లటి నెమెయా ఫరవాలేదు. అమిందెయో రోజే ఇంకా మేలు.

గోంగూర మటన్ సంగతి వేరు. పుల్లటి కూర ముందు పులుపు లేని వైన్ చప్పగా నీళ్లలా అయిపోతుంది. కారం కాస్త తగ్గించి, నూనె బాగా తేలేలా వండిన గోంగూర మాంసానికి నాలుగైదేళ్లు నిండిన క్సినోమవ్రో భలే నిలబడింది. కొవ్వు వగరుని మెత్తబరుస్తుంది, పులుపుకి పులుపు జత. అయోర్యీతికో ఈ పోటీలో నాకు ఓడిపోయింది. అదే దమ్ బిర్యానీ, ఖీమా, మిరియాల వేపుడు లాంటి వాటికి అయోర్యీతికోదే పైచేయి. ఆ దాల్చినచెక్క వాసన మసాలాతో కలిసిపోతుంది. శాకాహారులు గుత్తివంకాయతో నెమెయా, పుట్టగొడుగుల వేపుడుతో క్సినోమవ్రో ప్రయత్నించి చూడొచ్చు. ఆవకాయ అన్నంతో మాత్రం ఏదీ వద్దు, మజ్జిగ తాగండి.

ఈ రెండూ కాకుండా షాపతను ఇంకేదో చేతిలో పెడితే

మావ్రోదాఫ్నీ తెలియకుండా కొని మోసపోయామనుకునేవాళ్లు ఎక్కువ. పేరు ‘నల్ల లారెల్’ అని అర్థం. పాత్రాస్ దగ్గర 1861లో ‘అఖాయా క్లాస్’ వైనరీ పెట్టిన బవేరియన్ వ్యాపారి గుస్తాఫ్ క్లాస్, చనిపోయిన దాఫ్నీ అనే అమ్మాయి జ్ఞాపకంగా ఈ పేరు పెట్టాడని ఒక కథ చెప్పుకుంటారు. కథ అందంగా ఉంది, నమ్మాలో వద్దో మీ ఇష్టం. ‘పాత్రాస్ మావ్రోదాఫ్నీ’ అని ఉంటే అది తియ్యటి వైన్. స్పిరిట్ కలిపి ఘాటు పెంచినది, ఆల్కహాల్ కనీసం 15 శాతం. గ్రీకు చర్చిల్లో ప్రసాదపు వైన్‌గానూ దీన్ని వాడతారు. భోజనంతో తాగేది కాదు, భోజనం తర్వాత చిన్న గ్లాసులో. ఈ మధ్య కెఫలోనియా దీవిలోనూ, పాత్రాస్ చుట్టూ అదే ద్రాక్షతో తీపిలేని వైన్లూ చేస్తున్నారు. అవి బాగున్నాయి, కాకపోతే ‘డ్రై’ అన్న మాట లేబుల్ మీద ఉందో లేదో చూసుకోవాలి.

సాంతోరినీలో ఎవరైనా మావ్రోత్రగానో పోస్తే కాదనకండి. పండించేది కొంచెమే, ధర ఎక్కువ. చిక్కటి రంగు, గట్టి వగరు. దాదాపు కనుమరుగైపోతున్న దాన్ని హాత్సిదాకిస్, సిగాలాస్ లాంటి వాళ్లు మళ్లీ నిలబెట్టారు. క్రీట్‌లో లియాతికో ఉంటుంది. త్వరగా పండే రకం కాబట్టి ‘జూలైది’ అన్న మాట నుంచి ఆ పేరు వచ్చిందంటారు. రంగు పలచన, సువాసన తియ్యన. క్సినోమవ్రో నచ్చి, అంత పులుపు వద్దనుకునేవాళ్లకి ఇది పనికొస్తుంది. లిమ్నియో, లిమ్నియోనా వినడానికి అక్కాచెల్లెళ్లలా ఉన్నా వేరువేరు ద్రాక్షలు. లిమ్నియో పేరు లిమ్నోస్ దీవి నుంచి వచ్చింది. లిమ్నియోనా థెస్సలీది, అక్కడ తిర్నావోస్‌లో జాఫిరాకిస్ దాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చారు. రెండోది ఎక్కడైనా కనిపిస్తే నేనైతే వదలను. నెమెయా మెత్తదనానికీ నావుసా పట్టుదలకీ మధ్యలో ఎక్కడో కూర్చుంటుంది.

ఒకే సాయంత్రం రెండూ పక్కపక్కన పెట్టి తేల్చుకోవాలనుకుంటే నెమెయా ముందు పోయండి. క్సినోమవ్రో వగరు ఒకసారి నాలుక మీద కూర్చున్నాక అయోర్యీతికో ఎంత మంచిదైనా ద్రాక్షరసంలా అనిపిస్తుంది, పాపం దాని తప్పేమీ లేకుండా. మధ్యలో ఒక ముక్క రొట్టె, రెండు గుక్కల నీళ్లు. నావుసాని మాత్రం నెమెయా సీసా తెరవడానికి గంట ముందే వంపి పక్కన పెట్టుకోండి.